ప్రోస్టేట్‌లో అరుదైన గడ్డలు: పేరు తేలిన తరువాతే శస్త్రచికిత్స

నడివయసు దాటిన పురుషులకు మూత్రం ధారగా రాకపోవడం, రాత్రివేళ పలుమార్లు లేవవలసి రావడం మన పల్లెలలో తరచుగా కనిపించే బాధలు. వీటిలో అధికభాగం వయసుతోపాటు ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వలన కలిగేవి. అది కేన్సర్ కాదు. కొందరిలో మాత్రం కేన్సర్ ఉంటుంది. ఆ కేన్సర్లలోనూ నూటికి సుమారు 95 ఒకే రకానికి చెందినవి. మిగిలిన కొద్దిపాటి గడ్డలు వేరు జాతివి. అవి పుట్టే కణాలు వేరు, పెరిగే తీరు వేరు, లొంగే చికిత్స వేరు. ఆ అరుదైన గడ్డలను గురించి, వాటికి చేసే శస్త్రచికిత్సలను గురించి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అరుదైన వ్యాధిని గురించి అందరూ ఎందుకు తెలుసుకోవాలి అన్న సందేహం కలగవచ్చు. ఉద్దనపల్లి, రాయకోట, శూలగిరి, కెలమంగలం చుట్టుపట్ల ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. హోసూరులోనో క్రిష్ణగిరిలోనో వైద్యుడు తమిళంలో చెబుతాడు. బెంగళూరుకు వెళితే కన్నడంలో చెబుతాడు. నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటికి వచ్చిన తరువాత ఆలోచన తెలుగులో సాగుతుంది. ఇన్ని భాషలు దాటేసరికి గడ్డ పేరు జారిపోయి "ప్రోస్టేట్‌లో గడ్డ, ఆపరేషన్ చేయాలట" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. సాధారణ రకానికి ఆ మాట కొంతవరకు సరిపోవచ్చు. అరుదైన రకానికి మాత్రం పేరు తెలియకుండా చేసిన ఆపరేషన్ వ్యర్థం కావచ్చు, తిరిగి సరిదిద్దలేని నష్టమూ కలిగించవచ్చు.

గ్రంథి స్థానం, దాని పని

ప్రోస్టేట్ గ్రంథి పురుషులకు మాత్రమే ఉంటుంది. దీనిని పౌరుష గ్రంథి అని కూడా అంటారు. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఇది పెద్ద ఉసిరికాయంత ఉండి సుమారు 20 గ్రాముల బరువు తూగుతుంది. మూత్రాశయానికి సరిగా దిగువన, మలాశయానికి ముందు ఇమిడి ఉంటుంది. మూత్రాశయం నుండి బయలుదేరిన మూత్రమార్గం ఈ గ్రంథి మధ్యగా సాగుతుంది. అందుచేతనే గ్రంథి ఉబ్బితే మూత్రం అడ్డగించబడుతుంది. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత భాగాన్ని తయారు చేయడం దీని పని.

ఈ గ్రంథిలో ద్రవాన్ని స్రవించే కణాలే కాక, వాటిని పట్టి ఉంచే కండరాలు, నారలు, గ్రంథిలోని చిన్న కాలువలు, మూత్రమార్గపు లోపొర, నాడులతో సంబంధం గల కణాలు కూడా ఉంటాయి. గడ్డ వీటిలో దేని నుండి పుట్టినదో దానిని బట్టి దాని పేరు, స్వభావం నిర్ణయమవుతాయి. స్రవించే కణాల నుండి పుట్టినది సాధారణ కేన్సర్. దానిని అడినోకార్సినోమా అంటారు. తక్కిన కణాల నుండి పుట్టినవే ఎక్కువగా అరుదైన గడ్డలు.

మూడు భాషలలో ఒకే మాట

తెలుగులో గడ్డ అన్నా, తమిళంలో కట్టి అన్నా, కన్నడంలో గడ్డె అన్నా కేన్సర్ అని అర్థం కాదు. అసహజంగా పెరిగిన ముద్ద అని మాత్రమే అర్థం. కేన్సర్‌ను తమిళ వైద్యులు పుట్రునోయ్ అంటారు, కన్నడంలో అర్బుద రోగ అని రాస్తారు. నివేదికలో బినైన్ అని ఉంటే ప్రాణాపాయం లేని గడ్డ అనీ, మాలిగ్నెంట్ అని ఉంటే కేన్సర్ అనీ గ్రహించాలి. కార్సినోమా, సార్కోమా, లింఫోమా అన్నవి కేన్సర్లలో మూడు వేర్వేరు జాతుల పేర్లు. ఈ మాటలు గుర్తుంటే నివేదికలో సగం చదివినట్లే.

సాధారణ కేన్సర్ శస్త్రచికిత్స: కొద్దిపాటి చరిత్ర

అరుదైన వాటిని అర్థం చేసుకోవడానికి ముందు సాధారణమైన దానికి ఏమి చేస్తారో తెలియాలి. 1904లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ హ్యూ హాంప్టన్ యంగ్ కేన్సర్ సోకిన ప్రోస్టేట్‌ను శుక్రాశయాలతో సహా పూర్తిగా తొలగించాడు. వృషణాలకు, మలద్వారానికి నడుమ గల భాగంలో కోత పెట్టి ఆయన ఆ పని చేశాడు. 1945లో టెరెన్స్ మిల్లిన్ అనే వైద్యుడు పొత్తికడుపు వైపు నుండి గ్రంథిని చేరే పద్ధతిని ప్రచురించాడు. 1982లో డాక్టర్ పాట్రిక్ వాల్ష్, గ్రంథికి ఇరువైపులా సాగే సన్నని నాడులను కాపాడుతూ ఆపరేషన్ చేసే విధానాన్ని అమలుపరచాడు. అంతవరకు ఈ ఆపరేషన్ జరిగిన పురుషులలో దాదాపు అందరూ దాంపత్య సామర్థ్యాన్ని కోల్పోయేవారు.

వేరొక దారిలో 1941లో డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ ఒక ముఖ్యమైన విషయం కనుగొన్నాడు. సాధారణ ప్రోస్టేట్ కేన్సర్ పురుష హార్మోన్ మీద ఆధారపడి పెరుగుతుంది. కనుక వృషణాలను తొలగిస్తే అది కృశిస్తుంది. ఇందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి లభించింది. ముదిరిన కేన్సర్‌కు వృషణాల తొలగింపు నేటికీ ఒక చికిత్సే. ఒక్కసారి చేసే చిన్న ఆపరేషన్ కనుక, నెలల తరబడి హార్మోన్ సూదుల ఖర్చు భరించలేని కుటుంబాలు దీనికి ఒప్పుకుంటాయి. అయితే ఇది హార్మోన్ మీద ఆధారపడే రకానికే పనిచేస్తుంది. కండర కణాల సార్కోమాకు గాని, లింఫోమాకు గాని ఇది పనిచేయదు. చిన్నకణ కేన్సర్‌ను కూడా ఇది ఒక్కటే అదుపు చేయలేదు. ఒకసారి తీసిన వృషణాలను తిరిగి పెట్టడం సాధ్యం కాదు. గడ్డ పేరు ముందుగా తెలుసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

మామిడితోట పెట్టిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పూత మాడిపోవడానికి తేనెమంచు పురుగు కారణం కావచ్చు, బూడిద తెగులు కావచ్చు. చూపుకు రెండూ పూతనే పాడు చేస్తాయి. ఒకదాని మందు రెండవదానికి పనికిరాదు.

పి.ఎస్.ఎ. అంకె మోసగించే సందర్భాలు

పి.ఎస్.ఎ. అనేది ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక మాంసకృత్తు. రక్తంలో దాని పరిమాణాన్ని కొలుస్తారు. సాధారణంగా 4 దాటితే పరిశీలన అవసరమని భావిస్తారు. కేన్సర్ లేకున్నా గ్రంథి పెరిగినప్పుడు, మూత్రంలో చీము చేరినప్పుడు ఈ అంకె పెరుగుతుంది. ఇది చాలామందికి తెలిసిన సంగతే.

తెలియని సంగతి దీనికి విరుద్ధమైనది. సార్కోమాలు, లింఫోమాలు, చిన్నకణ కేన్సర్లు పి.ఎస్.ఎ.ను తయారు చేయవు, లేదా బహు తక్కువగా చేస్తాయి. గడ్డ పెద్దనిమ్మకాయంత పెరిగినా రక్తపరీక్షలో 1 గాని 2 గాని చూపవచ్చు. "పి.ఎస్.ఎ. బాగానే ఉంది కదా" అని ఊరకుంటే కాలం వృథా అవుతుంది. ఈ క్రింది లక్షణాలు ఉన్నప్పుడు పి.ఎస్.ఎ. తక్కువగా ఉన్నా ఊరకుండరాదు:

మూత్రంలో రక్తం పడడం. కొద్ది వారాలలోనే మూత్రం పూర్తిగా ఆగిపోవడం. మలవిసర్జన కష్టం కావడం, కూర్చున్నప్పుడు అడుగుభాగంలో నొప్పి. బాలునికి గాని యువకునికి గాని ఇటువంటి బాధ కలగడం. సాధారణ ప్రోస్టేట్ కేన్సర్‌కు హార్మోన్ చికిత్స పొందుతున్న వ్యక్తిలో పి.ఎస్.ఎ. తక్కువగా ఉండగానే కాలేయంలోనో ఇతరత్రానో కొత్త గడ్డలు కనబడడం.

అరుదైన గడ్డలు: రకాలు, వాటికి శస్త్రచికిత్స స్థానం

కాలువల కేన్సర్: దీనిని డక్టల్ అడినోకార్సినోమా అంటారు. 1967లో మొదట వర్ణించినప్పుడు దీని రూపం స్త్రీల గర్భాశయపు లోపొర కేన్సర్‌ను పోలి ఉండడం చేత, ఆ జాతికే చెందినదని వైద్యులు భావించారు. తరువాతి పరిశోధనలలో ఇది ప్రోస్టేట్ కాలువలలోనే పుడుతుందని తేలింది. మూత్రమార్గానికి దగ్గరగా పుట్టినప్పుడు రక్తం పడడం, మూత్రం అడ్డగించబడడం ముందుగా కనబడతాయి. సాధారణ రకం కంటే ఇది తీవ్రమైనది. గ్రంథిని దాటి పోకముందే గుర్తిస్తే ప్రోస్టేట్‌ను పూర్తిగా తొలగించి, పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులను కూడా తీసి పరీక్షిస్తారు. ఆ తరువాత పి.ఎస్.ఎ.తోపాటు స్కాన్లు కూడా అవసరం.

జిగురు కేన్సర్: గడ్డలో నాలుగవ వంతుకు మించి జిగురు పదార్థం ఉన్నప్పుడు మ్యూసినస్ రకం అంటారు. పేరు భయపెట్టినా, గ్రంథిని పూర్తిగా తొలగించిన వారిలో దీని ఫలితాలు సాధారణ రకానికి తీసిపోవు. అయితే పెద్దప్రేగు చివర పుట్టిన కేన్సర్ ప్రోస్టేట్‌లోకి చొచ్చుకువచ్చి ఇదే రూపం చూపవచ్చు. అది కాదని ముందుగా తేల్చుకోవాలి.

మూత్రమార్గపు పొర కేన్సర్: దీని పేరు యురోథీలియల్ కార్సినోమా. చాలావరకు మూత్రాశయ కేన్సర్‌తో కలిసి ఉంటుంది. గ్రంథి కండలోనికి చొచ్చుకుపోతే ప్రోస్టేట్‌ను ఒక్కదానినే తీసివేయడం చాలదు. మూత్రాశయాన్ని కూడా తీయవలసి వస్తుంది, కొందరిలో మూత్రమార్గాన్ని కూడా. ఆపరేషన్‌కు ముందు కీమోథెరపీ ఇవ్వడం కద్దు.

చిన్నకణ కేన్సర్: ఇది నాడులతో సంబంధం గల కణాల స్వభావం కలది. ప్రోస్టేట్ కేన్సర్లలో ఆరంభం నుండీ ఇదే రకమైనవి నూటికి ఒకటి కంటే తక్కువ. హార్మోన్ చికిత్స జరిగిన కొన్నేళ్లకు సాధారణ కేన్సరే ఈ రూపం దాల్చడమూ ఉన్నది. త్వరగా ఇతర అవయవాలకు వ్యాపిస్తుంది కనుక మొదటి చికిత్స కత్తి కాదు, కీమోథెరపీ. గ్రంథి వరకే పరిమితమైన బహు కొద్దిమందిలో దానితోపాటు రేడియేషన్ గాని, శస్త్రచికిత్స గాని జోడిస్తారు.

పెద్దలలో సార్కోమా: కండరాల నుండి, నారల నుండి పుట్టే ఈ గడ్డలు ప్రోస్టేట్ కేన్సర్లలో నూటికి ఒకటి కంటే చాలా తక్కువ. పెద్దలలో లియోమయోసార్కోమా ఎక్కువగా కనబడేది. ఇక్కడ శస్త్రచికిత్సకే ప్రధాన స్థానం. గడ్డను దాని చుట్టూ ఆరోగ్యవంతమైన కండతో సహా ఒకే ముద్దగా, అంచులలో కేన్సర్ కణం మిగలకుండా తీయగలగడమే రోగి భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. అందుకోసం మూత్రాశయాన్ని, అవసరమైతే మలాశయాన్ని కూడా తీయవలసి రావచ్చు. గడ్డ పెద్దదైనప్పుడు ముందుగా కీమోథెరపీ గాని రేడియేషన్ గాని ఇచ్చి కుదించే ప్రయత్నం చేస్తారు. మన పల్లెలలో కరెంటు పెట్టడం అనే చికిత్సే ఈ రేడియేషన్.

స్టంప్ అనే గడ్డ: ఇది నారకణాల గడ్డ. కేన్సర్‌గా మారుతుందో లేదో నిశ్చయంగా చెప్పలేనిది. 1998లో దీనికి ప్రత్యేకమైన పేరు పెట్టి సార్కోమా నుండి వేరుచేశారు. వృద్ధునిలో చిన్నదిగా ఉంటే కనిపెట్టుకుని ఉండవచ్చు. వయసులో ఉన్నవారిలో పెద్దదిగా ఉన్నా, మరల మరల పెరుగుతున్నా, గ్రంథిని పూర్తిగా తొలగించడం మేలని భావిస్తారు. కారణం, దానితోపాటే సార్కోమా దాగి ఉండే అవకాశం ఉన్నది.

బాలలలో రాబ్డోమయోసార్కోమా: పసివయసులో ప్రోస్టేట్‌లో పుట్టే గడ్డలలో ఇది ముఖ్యమైనది. పూర్వం ఈ బాలలకు పొత్తికడుపులోని అవయవాలన్నీ తొలగించేవారు. అమెరికాలో 1972లో మొదలైన సమష్టి పరిశోధనల ఫలితంగా ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ముందు ముక్కతీసి పరీక్ష, తరువాత కీమోథెరపీ, రేడియేషన్. ఇంకా మిగిలిన గడ్డకే శస్త్రచికిత్స. ఎందరో బాలలకు మూత్రాశయం దక్కుతున్నది. ఈ కీమోథెరపీలో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు బిళ్ళగన్నేరు మొక్క నుండి లభించినది. మన వాకిళ్లలో పూసే ఆ మొక్కనే తమిళులు నిత్యకల్యాణి అంటారు. అలాగని ఆకురసం తాగడం చికిత్స కాదు. ఆ మొక్క విషపూరితం. మందును శుద్ధిచేసి, బిడ్డ శరీర పరిమాణాన్ని బట్టి కొలిచి నరానికి ఎక్కిస్తారు.

లింఫోమా: రక్తసంబంధమైన ఈ కేన్సర్ అరుదుగా ప్రోస్టేట్‌లో కనబడుతుంది. దీనికి మందులే చికిత్స. గ్రంథిని తొలగించడం అనవసరం.

నీటిబుడగల గడ్డ: సిస్టడినోమా అనేది కేన్సర్ కాదు. కాని పొత్తికడుపు నిండా పెరిగి భయపెట్టగలదు. పూర్తిగా తీసివేస్తే నయమవుతుంది, కొంత మిగిల్చితే మరల పెరుగుతుంది.

ముక్క పరీక్ష: నిర్ణయానికి ఆధారం

పై వివరణ బట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది. కొన్ని గడ్డలకు ముందు కత్తి, కొన్నింటికి ముందు మందు, కొన్నింటికి కత్తే వద్దు. ఏది ఏదో తేల్చేది బయాప్సీ. స్కాన్ సహాయంతో మలద్వారం గుండా గాని, వృషణాల వెనుక చర్మం గుండా గాని సన్నని సూదితో సాధారణంగా 10 నుండి 12 ముక్కలు తీస్తారు. వాటిని మైనపు దిమ్మెలలో భద్రపరచి, పలుచని పొరలుగా కోసి, గాజు పలకలపై రంగువేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అరుదైన గడ్డ అని అనుమానం కలిగితే ఇమ్యునో పరీక్ష అనే అదనపు పరీక్ష చేస్తారు. ఏ జాతి కణమో అది నిర్ధారిస్తుంది. దీనికి మరికొన్ని రోజులు పట్టవచ్చు. ఆ రోజులు వృథా కావు.

"ముక్క తీస్తే కేన్సర్ పాకుతుంది" అన్న భయం మన వైపు బలంగా ఉన్నది. ప్రోస్టేట్ విషయంలో ఆ భయంతో పరీక్ష మానుకోవడమే అసలు ప్రమాదం. రక్తం పడడం, జ్వరం రావడం వంటి ఇబ్బందులు కొందరికి కలుగుతాయి. వాటికి మందులు ఉన్నాయి.

ఇంకొక సంగతి. మూత్రం ఆగిపోయినప్పుడు మూత్రమార్గం గుండా పరికరం పంపి, అడ్డుపడిన కండను గీకి తీసే ఆపరేషన్ చేస్తారు. దానిని టి.యు.ఆర్.పి. అంటారు. కాలువల కేన్సర్, మూత్రమార్గపు పొర కేన్సర్ వంటివి ఇలా తీసిన ముక్కలలోనే బయటపడుతుంటాయి. తీసిన ముక్కలను పరీక్షకు పంపినారా, నివేదిక ఎప్పుడు వస్తుంది అని తప్పక అడగాలి. ఆ నివేదికను తీసుకోకుండా ఇంటికి వచ్చి మరచిపోవడం పెద్ద పొరపాటు.

నివేదికలో అరుదైన పేరు కనబడితే, ఆ మైనపు దిమ్మెలను, గాజు పలకలను అడిగి తీసుకుని కేన్సర్ ఆసుపత్రిలో రెండవసారి చదివించాలి. ఇది మొదటి వైద్యుని అవమానించడం కాదు. ఇటువంటి గడ్డను చిన్న ప్రయోగశాల వైద్యుడు జీవితకాలంలో ఒకటి రెండుసార్లే చూసి ఉంటాడు.

శస్త్రచికిత్సలు ఎన్ని విధాలు

మొదటిది ప్రోస్టేట్‌ను పూర్తిగా తొలగించడం. గ్రంథిని, శుక్రాశయాలను తీసి, మూత్రాశయపు ద్వారాన్ని మిగిలిన మూత్రమార్గంతో కుట్టి కలుపుతారు. డ్రిప్పు పైపులో చెడిన ముక్కను కోసి తీసి రెండు కొనలు అతికించినట్లు. ఆ అతుకు మానేవరకు, సాధారణంగా ఒకటి రెండు వారాలు, మూత్రపు గొట్టం ఉంచుతారు.

రెండవది మూత్రాశయంతో కలిపి తొలగించడం. మూత్రం బయటకు రావడానికి కొత్త దారి కావాలి. చిన్నప్రేగులో సుమారు 15 సెంటీమీటర్ల ముక్కను వేరుచేసి, మూత్రపిండాల నుండి వచ్చే నాళాలను దానికి కలిపి, దాని కొనను పొట్టమీద తెరుస్తారు. అక్కడ సంచి అంటిస్తారు. ఈ పద్ధతిని 1950లో డాక్టర్ బ్రికర్ ప్రచారంలోకి తెచ్చాడు. కొందరికి ప్రేగుతోనే కొత్త మూత్రాశయం కుట్టి లోపలే అమర్చవచ్చు.

మూడవది మలాశయాన్ని కూడా కలిపి తొలగించడం. ఇది బహు పెద్ద ఆపరేషన్. మలానికి కూడా పొట్టమీద ద్వారం ఏర్పరచవలసి రావచ్చు. సార్కోమా మలాశయాన్ని అంటుకున్నప్పుడు, వేరే చోటికి పాకలేదని స్కాన్లలో తేలిన తరువాతే దీనికి పూనుకుంటారు.

రోబో ఆపరేషన్ గురించి

ప్రోస్టేట్‌ను రోబో సహాయంతో తొలగించడం 2000లో ఐరోపాలో మొదలైంది. దానిని నిత్యం జరిగే ఆపరేషన్‌గా తీర్చిదిద్దినది అమెరికాలోని డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి చెందిన వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్. డాక్టర్ మణి మేనన్ నాయకత్వంలో ఈ కృషి సాగింది. ఆ సంస్థకు ఆ పేరు మిషిగన్‌లో స్థిరపడిన తెలుగు పారిశ్రామికవేత్త రాజ్ వట్టికూటి ఇచ్చిన విరాళం వలన వచ్చింది. వట్టికూటి ఫౌండేషన్ తరువాత భారతదేశంలో కూడా ఈ శిక్షణను ప్రోత్సహించింది.

రోబో తనంతట తాను కోయదు. వైద్యుడు పక్కన కూర్చుని దాని చేతులను నడుపుతాడు. రక్తస్రావం తక్కువ, త్వరగా ఇంటికి వెళ్ళవచ్చు. అయితే 2016లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం, సాధారణ కేన్సర్‌లో మూత్ర నియంత్రణ, దాంపత్య సామర్థ్యం మూడు నెలల నాటికి కోత పద్ధతిలోను, రోబో పద్ధతిలోను దాదాపు సమానమని చూపింది. పెద్ద సార్కోమాలకు కోత పద్ధతే అనువైన సందర్భాలు ఎన్నో. కనుక రోబో కోసం పొలం కుదువ పెట్టే ముందు, ఈ గడ్డకు దానివలన అదనపు లాభం ఏమిటని అడగడం ఉచితం.

ఆపరేషన్ తరువాతి జీవితం

గొట్టం తీసిన తరువాత మూత్రం చుక్కలుగా కారడం సహజం. చాలామందికి కొద్ది నెలలలో, కొందరికి ఏడాది లోపల అదుపులోకి వస్తుంది. మూత్రాన్ని మధ్యలో ఆపినప్పుడు బిగిసే కండరాలను రోజూ బిగించి వదిలే వ్యాయామం మేలు చేస్తుంది. ఆపరేషన్‌కు ముందు నుండే నేర్చుకుంటే మరింత మంచిది. వీర్యం ఇక రాదు కనుక సంతానం కోరే యువకులు ముందుగానే వీర్యం భద్రపరచే అవకాశం గురించి అడగాలి. దాంపత్య సామర్థ్యం తగ్గవచ్చు. దీనిని గురించి భార్యాభర్తలు కలిసి వైద్యుని వద్ద మాట్లాడడంలో సిగ్గు పడవలసినది లేదు.

పొట్టమీద సంచితో జీవించేవారు పొలం పనులు, ప్రయాణం, పెళ్ళిళ్ళకు వెళ్ళడం అన్నీ చేసుకోవచ్చు. సంచి మార్చడం రోగితోపాటు ఇంట్లో మరొకరు నేర్చుకోవాలి. అరుదైన గడ్డలు మరల వచ్చే స్వభావం గలవి. పి.ఎస్.ఎ. ఇక్కడ నమ్మదగిన కాపలాదారు కాదు. వైద్యులు చెప్పిన గడువుల ప్రకారం స్కాన్లకు తప్పక వెళ్ళాలి.

ఎక్కడికి వెళ్ళాలి, కార్డు మాట ఏమిటి

తొలి పరీక్షలకు హోసూరు ప్రభుత్వ ఆసుపత్రి, 2021లో ఏర్పడిన క్రిష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. అరుదైన గడ్డ అని తేలితే, మూత్రాంగ శస్త్రవైద్యుడు, కేన్సర్ మందుల వైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, ముక్క చదివే వైద్యుడు ఒకేచోట కూర్చుని నిర్ణయించే ఆసుపత్రి అవసరం. చెన్నైలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో ప్రారంభమైన అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరు సి.ఎం.సి., బెంగళూరులో కిద్వాయ్ సంస్థ అటువంటివి. హైదరాబాదులో బంధువులున్నవారికి ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి.

ఖర్చు విషయంలో సరిహద్దు కుటుంబాలు పొరబడే చోటు ఒకటి ఉన్నది. మాట్లాడే భాష ఏదైనా, ప్రభుత్వ సహాయం రేషన్ కార్డు ఉన్న రాష్ట్రాన్ని అనుసరిస్తుంది. తమిళనాడు కార్డు గలవారికి ముఖ్యమంత్రి సమగ్ర వైద్య బీమా పథకం ఉన్నది. వార్షికాదాయం 1,20,000 రూపాయలు మించని కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స లభిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆయా రాష్ట్రాల నివాసులకు ఉద్దేశించినవి. కుప్పంలోనో బెంగళూరులోనో చేరే ముందే, అక్కడి బీమా విభాగంలో కార్డు చూపి ఈ చికిత్సకు ఇక్కడ చెల్లుతుందా అని అడగాలి. చేరిన తరువాత అడిగితే దారులు మూసుకుపోతాయి.

ఇంటికి వచ్చిన తరువాత సహాయం అవసరమైన రోగులకు మక్కళై తేడి మరుత్తువం పథకం ఉన్నది. 2021 ఆగస్టు 5న మన జిల్లాలోని శామనపల్లిలోనే అది ప్రారంభమైంది. ఇంటివద్ద ఉపశమన చికిత్స, వ్యాయామ చికిత్స దానిలో భాగం. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించవచ్చు.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

వీటిని కాగితం మీద రాసుకుని వెళ్ళడం మంచిది.

1. ముక్క పరీక్షలో గడ్డకు ఇచ్చిన పూర్తి పేరు ఏమిటి? కాగితం మీద రాసి ఇవ్వగలరా?
2. ఇది ప్రోస్టేట్‌లోనే పుట్టినదా, పక్క అవయవం నుండి వచ్చినదా?
3. ఇమ్యునో పరీక్ష జరిగినదా? రెండవచోట చదివించవలెనా?
4. ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు పాకలేదని స్కాన్‌లో తేలినదా?
5. ముందు మందులా, ముందు ఆపరేషనా? ఎందువలన?
6. ఆపరేషన్‌లో ఏయే అవయవాలు తీస్తారు? మూత్రానికి, మలానికి దారి ఎలా ఉంటుంది?
7. వృషణాలు తీస్తామంటే, ఈ రకం గడ్డకు దానివలన ప్రయోజనం ఉన్నదా?
8. మా బీమా కార్డు ఇక్కడ చెల్లుతుందా?

నివేదికలు, స్కాన్ ఫిలిములు, డిశ్చార్జి కాగితాలు అన్నీ ఒకే సంచిలో తేదీల వరుసలో ఉంచుకోవాలి. ఇంగ్లీషు తెలిసిన పిల్లలుంటే నివేదిక చివరి భాగంలో గడ్డ పేరున్న వరుసను తెలుగు అక్షరాలలో రాయించి, ఇంట్లో అందరూ చూసేలా పెట్టండి. మన ఇళ్ళలో తాతకు, నాయనకు ఒంట్లో బాగులేదన్న సంగతి చివరివరకు దాచబడుతుంది. తెలిసిన తరువాత తొందర మొదలవుతుంది. మూత్రం పూర్తిగా ఆగినప్పుడు గొట్టం వేయించడానికి తొందర అవసరం, ఆ పూటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాని గడ్డను కోయించడానికి, పేరు తేలేవరకు ఆ కొద్దిరోజులు ఆగడం రోగికి మేలు చేసే ఓపిక. పేరు తేలిన తరువాత మాత్రం ఆలస్యం చేయరాదు.